మా చిన్నమ్మ భిక్షుణి అవుతానంటోంది, తెలిసినవాళ్లు కాస్త దారి చెప్పండి

అందరికీ నమస్తే, మాది కర్నూలు. మా చిన్నమ్మ అంగన్‌వాడీ టీచరుగా రిటైరయింది, పిల్లలు సెటిలయ్యారు, ఇప్పుడు బౌద్ధ భిక్షుణి అవుతానని పట్టుబట్టింది. ఇంట్లో బుద్ధుడి పక్కన అంబేడ్కర్ ఫొటో ఎప్పటినుంచో ఉంది, పంచశీల చెప్పుకుంటాం, అంతవరకు ఎవరికీ ఇబ్బంది లేదు. గుండు చేయించుకుంటాననేసరికి చిన్నాయనకు టెన్షన్ మొదలైంది.

నేను చదివినంతలో థేరవాదంలో (శ్రీలంక, థాయ్‌లాండ్‌లలో పాటించే బౌద్ధ శాఖ) భిక్షుణుల పరంపర ఎప్పుడో తెగిపోయింది, 1998లో బోధ్‌గయలో చాలామంది స్త్రీలకు పూర్తి దీక్ష ఇచ్చాక శ్రీలంకలో మళ్లీ నిలదొక్కుకుంది, థాయ్‌లాండ్ సంఘం మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు. భూటాన్‌లో 2022లో ఒకేసారి 144 మందికి ఇచ్చారు. మరి మన దగ్గర దీక్ష తీసుకుంటే ఎవరు గుర్తిస్తారు?

తెలిసిన భంతేజీ (బౌద్ధ భిక్షువు) ఒకాయన ఉపాసికగానే, అంటే ఇంట్లోనే ఉంటూ ధర్మం పాటించే మనిషిగానే ఉండమ్మా, ఆడపిల్లల చదువు చూడు, ఊళ్లో తాగుడు మాన్పించు, అదీ ధర్మమే అన్నారు. నాకూ అదే సబబనిపిస్తుంది. నాగార్జునకొండ మహాచైత్యానికి దానమిచ్చిన ఇక్ష్వాకుల ఆడపడుచు చాంతిసిరి గృహస్థురాలే కదా! చిన్నమ్మ వినదు, ‘రాజుగారి చెల్లెలికి వంటపని లేదులే’ అంటుంది. (ఎర్రగుడి అశోక శాసనాలు చూపించినప్పటినుంచే ఈమెకు ఇది పట్టుకుంది, తీసుకెళ్లింది చిన్నాయనే.)

ముందు కొన్నాళ్లు అష్టశీల (మధ్యాహ్నం దాటాక తినకపోవడం లాంటి ఎనిమిది నియమాలు) పాటిస్తూ ఆడవాళ్లు ఉండి చూడగలిగే విహారం కర్నూలు, అనంతపురం చుట్టుపక్కల ఉందా? బీపీ మాత్రలు వేసుకునే మనిషి, మధ్యాహ్నం తర్వాత భోజనం లేకుండా ఎలా? పింఛను తన పేరునే ఉంచుకోవచ్చా? మీ ఇళ్లలో ఎవరైనా ఈ దారిలో వెళ్లుంటే చెప్పండి, దీక్ష తీసుకున్న అమ్మలతో చిన్నమ్మను ఫోన్లో మాట్లాడించినా చాలు.