చెవుల్లో మోత క్లెయిమ్ కొట్టేశారు, అప్పీల్ ఎలా?

ప్రశ్న: అమెరికా ఆర్మీలో ఆరేళ్లు చేశాను, ఎక్కువగా జనరేటర్ల పక్కనే. బయటికొచ్చాక కూడా చెవుల్లో ఈల మోత ఆగట్లేదు, రాత్రి ఫ్యాన్ శబ్దం ఉంటేగానీ నిద్ర రాదు. మాజీ సైనికుల శాఖకి (VA) డిజెబిలిటీ క్లెయిమ్ వేస్తే సర్వీసుతో సంబంధం లేదని లెటర్ వచ్చింది. మళ్లీ మొదటి నుంచి వేయాలా అన్నా?

జవాబు: అక్కర్లేదు తమ్ముడూ. ముందు లెటర్ మీద తేదీ చూడు, ఆ రోజు నుంచి ఏడాదిలోపు రివ్యూకి వెళ్తే పాత క్లెయిమ్ తేదీయే నిలబడుతుంది, గెలిస్తే బకాయి అక్కడి నుంచే లెక్కగడతారు. కొత్త ఆధారం ఉంటే సప్లిమెంటల్ క్లెయిమ్, ఫారం 20-0995. ఉన్న ఫైలునే సీనియర్ రివ్యూయర్ చూడాలంటే 20-0996, కానీ అందులో కొత్త కాగితం ఒక్కటీ తీసుకోరు. తెలియక నేను ఇదే వేసి నెలలు పోగొట్టుకున్నా.

ఇంకో జవాబు: డాక్టర్ "వచ్చి ఉండొచ్చు" అని రాస్తే పనికిరాదు. సర్వీసు వల్ల వచ్చిన అవకాశం కనీసం 50 శాతం అని, ఎందుకో కారణంతో సహా రాయించు. నీతో పనిచేసినవాళ్ల స్టేట్‌మెంట్ కూడా పెట్టు. రెండు చెవులకూ కలిపి డిజెబిలిటీ రేటింగ్ 10 శాతమే ఇస్తారు, అదీ తెలుసుకో.

ప్రశ్న వేసినవారు: లెటర్ వచ్చి పది నెలలైంది, ఇప్పుడు టెన్షన్ మొదలైంది. రేపే డాక్టర్‌కి ఫోన్ చేస్తా.