మనీలా శాలువా సరే, ఈ ‘చినే’ ఏం బట్ట?

పాతరికార్డు: రెండు రోజులుగా ఒక పాట ముక్క నోట్లో నానుతోంది. ‘లా వెర్బేనా దె లా పలోమా’ అనే సార్సువేలాలో (స్పెయిన్ వాళ్ళ పాటల నాటకం) హులియాన్ తన ప్రియురాలు సుసానాని నిలదీసే చోటు. ‘దోందె వాస్ కొన్ మంతోన్ దె మనీలా’ వరకు బాగానే గుర్తుంది. ఆ తర్వాత ‘దోందె వాస్ కొన్ వెస్తీదో...’ చినేనా, చినోనా? ‘మనీలా శాలువా కప్పుకుని ఎక్కడికే’ అని తెలుగు చేసుకుని, కింద ‘చీనా పట్టు కట్టి ఎక్కడికే’ అని రాసేశాక అనుమానం పట్టుకుంది.

ప్రాసపిచ్చి: చినే. ఊనిక ‘నే’ మీద. మూడు, ఆరు, తొమ్మిదో అక్షరాలు ఊదుతూ పాడండి, మీకే తెలుస్తుంది. నాలుగో పాదం ‘దెస్‌ప్వేస్’తో ముగుస్తుంది కాబట్టి ఇక్కడ ‘ఏ’ కావాలి. వాళ్ళ అసొనాన్సియాలో అచ్చు కలిస్తే చాలు, హల్లు ఏదైనా సరే. మన ప్రాసకి సరిగ్గా తలకిందులు. పాట రాసిన రికార్దో దె లా వేగాకి ‘ఏ’ అవసరమైంది, ఫ్రెంచి బట్ట దొరికింది. అంతకుమించి వెతక్కండి.

పడుగుపేక: దొరికిన బట్టా? మాది పోచంపల్లి నేత ఇల్లు, ఒప్పుకోను. చినే అంటే నేయకముందే పడుగుకు రంగులద్దిన గుడ్డ. మగ్గమెక్కాక దారాలు వెంట్రుకవాసి జరిగి పువ్వు అంచు చెదురుతుంది, నీళ్ళలో నీడలాగా. మా ఇంట్లో సైకిల్ ట్యూబు కోసి ఆ పీలికలతో నూలుకు కట్లు కట్టి రంగులో ముంచేవాళ్ళు. ఎంత బిగించినా కట్టు కింద రంగు కాస్త పాకేది. అదే ఇది. ‘చిటికి చీర’ (ఇలా కట్లు కట్టి రంగద్దిన నూలుతో నేసింది) అని రాయండి.

డిండిమం: అయ్యా, ఆ ఫ్రెంచి మాట పుట్టిందే చైనా పేరు మీద. పాతరికార్డు గారు రాసింది తప్పేమీ కాదు. శ్రీనాథుడు హరవిలాసంలో ‘చీని చీనాంబర శ్రేణి’ అని ఓడలోంచి దించలేదా? ఆ సీసం చదువుతుంటే రేవు వాసన వస్తుంది. హురుముంజి (హోర్ముజ్) గుర్రాలు, సింహళం ఏనుగులు...

చీనీతోట: మా అనంతపురంలో చీనీ అంటే బత్తాయి. చీనీకాయ కట్టుకుని ఎక్కడికి పోతుందో పాపం.

ప్రాసపిచ్చి: డిండిమం గారూ, చీనాంబరం అంటే సరిపోయేదానికి ముందు ఇంకో ‘చీని’ ఎందుకట? చీ-శ్రే యతి చీనాంబరంతోనే కుదురుతుంది. ఆ మొదటిది గణం నింపడానికే.

డిండిమం: శ్రీనాథుడికి గణం నిండలేదా! భలేవారే. అప్పటికే చీనాంబరం ఒక పట్టు రకం పేరైపోయింది. నిజంగా చైనాదే అని చెప్పడానికి ‘చీని’ వేశాడు.

పడుగుపేక: చూశారా, మీరే నా దారికొచ్చారు. బట్టకి ఊరి పేరు అంటుకున్నాక ఇక ఊరితో పనిలేదు. మనీలా శాలువా మాత్రం మనీలాదా? చైనాలోని కాంటన్‌లో బుటా కుట్టి, మనీలాలో ఓడెక్కించి, మెక్సికోలోని అకపుల్కో మీదుగా స్పెయిన్ చేర్చారు. మద్రాసు రుమాళ్ళు చీరాల వైపు నేసినట్టే. రెండో పాదంలో కూడా చైనా అంటే చెప్పిందే చెప్పినట్టు.

పాతరికార్డు: శ్రీనాథుణ్ణి కాసేపు పక్కన కూర్చోబెడదాం. 1894 ఫిబ్రవరి 17న మాద్రిద్ అపోలో థియేటర్లో మొదటిసారి ఆడినప్పుడు జనం నవ్వింది బట్టకి కాదు, జవాబుకి అని నా నమ్మకం. నాతో ఎందుకు రాలేదని హులియాన్ అడిగితే, నువ్వు పెట్టిన బాధకి ‘బొతీకా’లో డబ్బు తగలెయ్యాలి కదా అంటుంది సుసానా. బొతీకా అంటే మందుల కొట్టు. ఆమెని జాతరకి తీసుకెళ్తున్న ముసలి దోన్ ఇలారియోన్ మందుల కొట్టువాడే! అచ్చుకూటంలో అక్షరాలు పేర్చుకునే హులియాన్‌కి ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడ గుచ్చుకుంది. ఆ దెప్పు తెలుగులోకి ఎలా తేవాలి?

చీనీతోట: ‘అంగడి’ అనండి. చీనీకాయలు కూడా అక్కడే దొరుకుతాయి.

ప్రాసపిచ్చి: దెప్పు తర్వాత చూద్దాం. ముందు ‘ఏ’తో ముగిసే చీర పేరు ఒకటి చెప్పండి ఎవరైనా.

పాతరికార్డు: ప్రస్తుతానికి ‘చిటికి చీర’ పెట్టాను. పాడి చూస్తే ‘టి’ దగ్గర గొంతు పట్టేస్తోంది.

డిండిమం: అందుకే చీనాంబరం అన్నది.