సస్పెన్షన్ మార్చాను, ఇంజిన్ కొడుతోంది: రేపు పొద్దున్న ఇంజిన్ దింపించాలా?

ఘాట్‌రోడ్డు (రాత్రి 11:48)
సాయంత్రం నుంచి ఐదు గంటలు కారు కిందా మీదా పడ్డాను. ఇక నా వల్ల కాదు. ఇంజిన్ టకటక కొడుతోంది. ముగ్గురు మెకానిక్‌లను అడిగితే మూడు మాటలు. ఒకాయన ప్లగ్గులన్నాడు, ఒకాయన కాయిళ్లన్నాడు, మూడో ఆయన కనెక్టింగ్ రాడ్ బేరింగులు పోయాయి, ఇంజిన్ దించాల్సిందే అన్నాడు. ప్లగ్గులు నాలుగూ కొత్తవి వేశాను, కాయిళ్లు అటువి ఇటు మార్చి చూశాను, ఆయిల్ కూడా మార్చాను. అదే చప్పుడు. రేపు తొమ్మిదింటికి బండి అప్పగించాలి. అప్పగించమంటారా?
దీనితో సంబంధం లేదు గానీ ఇంకో సందేహం. ముందు వైపు ఎత్తు తగ్గించే స్ప్రింగులు వేయించాను. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు డబ్ మంటోంది. షాకబ్జర్లు కూడా మార్చాలా?

పాత పానా (11:55)
ఏ కారు?

ఘాట్‌రోడ్డు (11:57)
ఆర్ఎస్ అండీ. నా బండి ఇక్కడ అందరికీ తెలిసిందే కదా.

పాత పానా (11:58)
నాకు తెలియదు. ఏ సంవత్సరం? చల్లగా ఉన్నప్పుడు కొడుతోందా, వేడెక్కాకా? నిలబెట్టి రేస్ ఇస్తే వస్తోందా?

ఘాట్‌రోడ్డు (12:06)
2005 ఆక్టేవియా ఆర్ఎస్, 1.8 టర్బో పెట్రోలు. వేడెక్కాకే. నిలబెట్టి ఎంత రేస్ ఇచ్చినా రాదు. మొన్న వికారాబాద్ వెళ్తూ అనంతగిరి ఎక్కుతుంటే, మూడో గేరులో ఆర్‌పీఎం 2,500 దాటాక తొక్కితే చాలు, రేకు డబ్బాలో చింతగింజలు పోసి ఊపినట్టు చప్పుడు.

ఇథనాల్ బాధితుడు (12:10)
ఇంకా అనుమానమా? ఈ20. ఇరవై ఏళ్ల నాటి బండికి ఇరవై శాతం ఇథనాల్ తాగిస్తే ఏమవుతుంది? రబ్బరు గొట్టాలు మెత్తబడతాయి, ట్యాంకులో నీరు చేరుతుంది, మైలేజి పడిపోతుంది. నా పాత బండికి రెండేళ్లలో ఇంధన గొట్టాలు రెండుసార్లు మార్చాను. ఈ సంగతి ఇక్కడ ఎన్నిసార్లు రాసినా పట్టించుకున్నవారు లేరు.

లెక్కల మాస్టారు (12:19)
అయ్యా, మీ గొట్టాల బాధ నిజమే కావచ్చు, కానీ అడిగింది నాకింగ్, అంటే ఇంజిన్ కొట్టడం గురించి. ఇథనాల్ ఆక్టేన్, అంటే నాకింగ్‌ను తట్టుకునే గుణం, పెట్రోలు కన్నా ఎక్కువ. ఆవిరయ్యేటప్పుడు సిలిండర్‌లో వేడిని కూడా లాగేస్తుంది. కాబట్టి నాకింగ్‌ను తగ్గించేదే గానీ పెంచేది కాదు. ఇబ్బంది ఒక్కటే. పెట్రోలు కాలడానికి దాని బరువుకు 14.7 రెట్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 రెట్లు చాలు. అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఆ సర్దుబాటు చేసుకోలేకపోతే మిశ్రమం పలచనవుతుంది.
మరొకటి. అందరూ అన్నిటికీ ‘నాకింగ్’ అనడం మానండి. స్పార్క్ పడ్డాక మిగిలిన మిశ్రమం తనంతట తాను భగ్గుమంటే డిటొనేషన్. స్పార్క్ కన్నా ముందే ఏ ఎర్రగా కాలిన మసి ముక్క వల్లో అంటుకుంటే ప్రీ-ఇగ్నిషన్. బేరింగు వదులై కొట్టేది రెండూ కాదు.

ఇథనాల్ బాధితుడు (12:23)
పేరు ఏదైతేనేం, పిస్టన్ కరిగాక అన్నీ ఒకటే.

లెక్కల మాస్టారు (12:25)
ఒకటి కాదు. మొదటిదానికి స్పార్క్ వెనక్కి జరిపితే, అంటే కాస్త ఆలస్యంగా వేస్తే, మందు దొరికినట్టే. రెండోదానికి అది పనిచేయదు.

పాత పానా (12:31)
ఇంజిన్ దించవద్దు. బేరింగు పోతే నిలబెట్టి రేస్ ఇచ్చినా వినిపిస్తుంది, అదీ రోకటిపోటులా బరువుగా. మీది గింజల చప్పుడు, లోడ్ మీదే వస్తోంది, అంటే మాస్టారు చెప్పిన డిటొనేషన్ లాగే ఉంది. స్కానర్ ఉందా? 020 గ్రూపు చూడండి. ఏ సిలిండర్‌లో స్పార్క్ ఎన్ని డిగ్రీలు వెనక్కి పోతోందో అక్కడ కనిపిస్తుంది. 032లో ఇంధన సర్దుబాటు. నాకింగ్‌ను పసిగట్టే నాక్ సెన్సర్లు రెండూ 20 న్యూటన్ మీటర్లకు బిగించి ఉండాలి. అంతకన్నా వదులైనా బిగువైనా అవి అబద్ధం చెబుతాయి.

గుంతల దారి (12:40)
సస్పెన్షన్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి నేను చెబుతాను. తమ్ముడూ, ముందు మాత్రమే దింపి వెనుక వదిలేయడం ఏమిటి? బ్రేకు వేస్తే మొహం నేలకు కొట్టుకుంటుంది. ఎత్తు తగ్గిన స్ప్రింగు కింద పాత షాకబ్జర్ అడుగుదాకా వెళ్లి తగులుతుంది. మీ డబ్ చప్పుడు చాలావరకు అదే. లేదంటే స్ట్రట్ పైన మౌంటు బేరింగు. ఇంకా, లోయర్ ఆర్మ్ బోల్టులు చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగించారా? అలా బిగిస్తే వాటి రబ్బరు బుష్‌లు మెలిపడి నెలల్లో చిరిగిపోతాయి. బండి నేల మీద నిలబడ్డాకే చివరి బిగింపు.
ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మా కాలనీలో ఉన్నది గోడ. అడిగితే ఎవరో రాత్రికి రాత్రి పోశారంటారు. ఈ ఊళ్లో బండి దింపేవారికి నా నమస్కారం.

ఘాట్‌రోడ్డు (మర్నాడు ఉదయం 8:20)
బండి అప్పగించలేదు. 020లో నాలుగు సిలిండర్లూ 8, 9 డిగ్రీలు వెనక్కి వెళ్తున్నాయి. 032 మామూలుగానే ఉంది. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఉష్ణోగ్రత 70 డిగ్రీలు దాటింది.

పాత పానా (8:34)
ఒక్క సిలిండరే అయితే ప్లగ్గో ఇంజెక్టరో అనేవాణ్ని. నాలుగూ కాబట్టి ఉమ్మడి కారణం. ఇంధనం, బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి), వేడి, ఈ మూడిట్లో ఒకటి. పవర్ పెంచడానికి ఈసీయూ ప్రోగ్రాం మార్పించే రీమ్యాప్ చేయించారా?

ఘాట్‌రోడ్డు (8:37)
మూడేళ్ల క్రితమే చేయించాను. అందరూ చేయించుకునేదేగా, ప్రత్యేకంగా చెప్పాలనుకోలేదు.

పాత పానా (8:38)
అదే ముందు చెప్పాల్సింది.

లెక్కల మాస్టారు (8:52)
మూడేళ్లుగా లేనిది ఇప్పుడెందుకు వచ్చింది? చప్పుడు మొదలైంది ఎప్పుడు, స్ప్రింగులు వేయించింది ఎప్పుడు?

ఘాట్‌రోడ్డు (9:05)
రెండూ ఒకే వారం. కానీ స్ప్రింగులకూ ఇంజిన్‌కూ సంబంధం ఏముంది?

పాత పానా (9:11)
కుడి ముందు చక్రం విప్పి లైనర్ (చక్రం చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు) చూడండి. టర్బో వేడెక్కించిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఆ కారులో ఉండేది దాని ముందే. లైనర్‌కు గాలి బయటకు పోయే చీలికలు ఉంటాయి. అవి ఉన్నాయా?

ఘాట్‌రోడ్డు (9:46)
లేవు! బండి కిందికి దిగాక టైరు రాసుకుని పాత లైనర్ చిరిగిందట, దాని స్థానంలో సాదా ప్లాస్టిక్ షీటు కోసి బిగించారు. నాకు చెప్పలేదు. గాలి వెళ్లే దారి పూర్తిగా మూసుకుపోయింది.

ఇథనాల్ బాధితుడు (10:02)
అయినా సరే, మామూలు పెట్రోలు మానేసి 100 ఆక్టేన్ పోయండి. నా మాటకూ కొంత విలువ ఇవ్వండి.

లెక్కల మాస్టారు (10:04)
రీమ్యాప్ చేసిన బండికి ఆ మాట మాత్రం సరైనదే. రాత్రి మీరు తిట్టింది గొట్టాల గురించి, అందుకే కాదన్నాను.

గుంతల దారి (10:15)
టైరు రాసుకుందంటే స్ప్రింగు మరీ కురచ. అది తీసేయించి నాలుగు వైపులా జతగా వచ్చే స్ప్రింగులు, షాకబ్జర్లు వేయించండి. ఒక్కొక్కటి విడిగా కొంటే చివరకు రెండింతలు ఖర్చు.

ఘాట్‌రోడ్డు (నాలుగు రోజుల తరువాత)
పాత లైనర్ దొరికింది, వేశాను. నిన్న అదే ఘాట్ ఎక్కాను, గాలి 50 చుట్టూనే ఉంది, స్పార్క్ రెండు మూడు డిగ్రీలకు మించి వెనక్కి పోలేదు. గింజల చప్పుడు లేదు. అందరికీ థాంక్స్. డబ్ మాత్రం అలాగే ఉంది, దసరా తరువాత చూస్తాను.

కొత్త సభ్యుడు (రెండు నెలల తరువాత)
నాదీ ఇదే కారు అండీ. ఆ కుడి వైపు లైనర్ ఎక్కడ దొరికింది?