తడబడుతున్న కార్నర్‌బ్యాక్‌ను నాలుగో స్థానానికి తెచ్చుకోవడం సరైనదేనా?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు)

మిత్రులకు నమస్కారం. ఆదివారం రాత్రి పదిన్నరకు, నవంబరు వచ్చాక పదకొండున్నరకు, మా గదిలో నలుగురు తెలుగువాళ్ళం కూర్చుని అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్.ఎఫ్.ఎల్. మ్యాచ్‌లు చూస్తుంటాం. పోయిన వారం మొదలైన ఒక వాదం ఇంకా తెగలేదు.

జెఫ్ ఒకుడా సంగతి మీకు తెలిసిందే. 2020 డ్రాఫ్ట్‌లో (కళాశాల ఆటగాళ్ళను జట్లు రౌండ్లవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) డెట్రాయిట్ లయన్స్ అతడిని మూడో స్థానంలో తీసుకుంది. అప్పటికి 1997 తర్వాత ఏ కార్నర్‌బ్యాక్‌నూ, అంటే పాస్ అందుకునే రిసీవర్‌కు కాపలా కాసే ఆటగాడినీ, అంత ముందుగా ఎవరూ తీసుకోలేదు. 2021లో మొదటి మ్యాచ్‌లోనే మడమ స్నాయువు తెగి ఆ ఏడాదంతా పోయింది. 2023లో కేవలం డ్రాఫ్ట్ ఐదో రౌండ్‌లో ఒక ఎంపిక అవకాశానికి బదులుగా అట్లాంటా ఫాల్కన్స్‌కు వెళ్ళాడు. ఆపై హ్యూస్టన్, మిన్నెసోటా జట్లు ఒక్కొక్క ఏడాది ఒప్పందంతో తీసుకున్నాయి. ఇలాంటివాడిని అదనపు ఆటగాడిగా ఉంచుకోవడంలో నష్టమేమీ లేదని నా అభిప్రాయం. నా మిత్రుడు మాత్రం మాల్కమ్ బట్లర్‌ను గుర్తు చేస్తున్నాడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోని ఆ కుర్రవాడే 2015 ఫిబ్రవరి 1న సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) చివరి క్షణాల్లో గోల్ గీత దగ్గర ఎదుటి జట్టు విసిరిన బంతిని అందుకుని న్యూ ఇంగ్లండ్‌ను గెలిపించాడు. పేరున్న పరాజితుడి కంటే పేరులేని కుర్రవాడే మేలన్నది అతని వాదన. ముగ్గురు మంచి కార్నర్లు ఉండి, వారి వెనుక ఎవరూ లేని జట్టు ఏ దారి ఎంచుకోవాలి?

జవాబు 1 (మల్లేశ్వరం)

నమస్కారమండి. అతడు ఎందుకు తడబడ్డాడన్నది తెలియకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం. ఓక్లండ్‌లో న్నమ్డి అసొముఘా అనే కార్నర్ ఎక్కువగా కుడివైపునే నిలిచి, రిసీవర్‌ను ఆట మొదలయ్యే గీత దగ్గరే అడ్డగించి, అతని వెంటే సాగేవాడు. 2011లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ ఐదేళ్ళకు 6 కోట్ల డాలర్లిచ్చి తెచ్చుకుని, అలవాటు లేని పనులు అప్పగించింది, 2013లో వదులుకుంది. కంఠీరవ స్టేడియంలో కబడ్డీ చూసినవారికి ఇది సులభంగానే బోధపడుతుంది. ఎడమ కార్నర్‌లో నిలిచి కాలు పట్టడంలో ఆరితేరినవాడిని కుడివైపుకు మారిస్తే ఆ పట్టు వెంటనే కుదరదు.

దీనికి ఎదురు ఉదాహరణ జోష్ నార్మన్. కరొలైనాలో జోన్ పద్ధతిలో (ఒక రిసీవర్‌ను కాక, మైదానంలో కొంత భాగాన్ని కాసే పద్ధతిలో) వెలిగిన అతడిని 2016లో వాషింగ్టన్ ఐదేళ్ళకు 7.5 కోట్ల డాలర్లతో తీసుకుని, 2020 ఫిబ్రవరిలో విడిచిపెట్టింది. బఫలో బిల్స్ వెంటనే ఒక్క ఏడాదికి తీసుకుంది. అక్కడి అప్పటి ముఖ్య కోచ్ షాన్ మెక్‌డెర్మట్ కరొలైనాలో అతని డిఫెన్స్‌ను నడిపినవాడే. అతడు బఫలోలో మళ్ళీ తారగా మారలేదు, కానీ బిల్స్ కోరింది తారను కాదు. అవసరమైనప్పుడు బరిలోకి దిగి, తనకు తెలిసిన పద్ధతిలో నిలబడగల మనిషిని. కాబట్టి ముందుగా చూడవలసింది కోచ్‌కు, ఆటగాడికి మధ్య ఉన్న పాత పరిచయాన్ని.

జవాబు 2 (బి.టి.ఎం. లేఅవుట్)

పై జవాబుతో నేను సగమే ఏకీభవిస్తాను. నాలుగో కార్నర్‌ను అందరూ కవరేజ్ (రిసీవర్‌ను కాచే పని) బట్టి తూకం వేస్తున్నారు, కానీ చాలా వారాలు అతడు కవరేజ్‌కు దిగనే దిగడు. జట్టులో 53 మంది ఉన్నా, మ్యాచ్ రోజున బరిలోకి దిగే అర్హత 48 మందికే, అదీ వారిలో ఎనిమిది మంది అఫెన్సివ్ లైన్‌మెన్ (తమ జట్టు దాడిలో ముందువరుసలో నిలిచి ఎదుటివారిని అడ్డుకునేవారు) అయితేనే. ఆ 48లో చోటు దక్కాలంటే నాలుగో కార్నర్, ఐదో కార్నర్ స్పెషల్ టీమ్స్‌లో (బంతిని తన్నే సందర్భాల్లో దిగే బృందాల్లో) పనికిరావాలి. పంట్ తన్నగానే అంచు వెంబడి దూసుకెళ్ళి, ఇద్దరు అడ్డుకుంటున్నా తప్పించుకుని, బంతి పట్టినవాడిని అక్కడికక్కడే పడగొట్టే గన్నర్ పని చాలాసార్లు ఇలాంటివారిదే. 2012లో ఆరో రౌండ్‌లో అరిజోనాకు వచ్చిన జస్టిన్ బెథెల్ పేరుకు కార్నర్‌బ్యాక్; కానీ ఈ పని వల్లే వరుసగా మూడుసార్లు ప్రో బౌల్‌కు (ఏటా మేటి ఆటగాళ్ళకు దక్కే గౌరవానికి) ఎంపికై, పదేళ్ళకు పైగా లీగ్‌లో నిలిచాడు.

మొదటి రౌండ్‌లో వచ్చినవాడికి చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. కళాశాలలోనూ, ఆ తర్వాతా మొదటి వరుస ఆటగాడిగా ఉన్నందువల్ల అతడికి ఈ పని అలవాటు ఉండదు. ఇరవై ఆరేళ్ళ వయసులో కొత్తగా నేర్చుకోవాలి, ఇష్టంగా నేర్చుకోవాలి. పైగా 2024లో కికాఫ్ (బంతిని తన్ని ఆట మొదలుపెట్టే) పద్ధతి మారింది, 2025లో టచ్‌బ్యాక్ అయితే, అంటే తన్నిన బంతిని ఎదుటి జట్టు మోసుకురాకపోతే, ఆ జట్టు ఆట మొదలుపెట్టే చోటును 35 గజాల గీతకు జరిపారు. దాంతో బంతిని వెనక్కు మోసుకొచ్చే సందర్భాలు పెరిగి, పరుగెత్తుతూ పడగొట్టగలవారి అవసరం ఇంకా పెరిగింది. అందుచేత మీ మిత్రుడి వాదనవైపే నేను మొగ్గుతాను. అయితే నా కారణం బట్లర్ కాదు. అలాంటి క్షణాన్ని ముందుగా లెక్కవేసుకుని ఎవరూ జట్టును కట్టలేరు.

ప్రశ్న వేసినవారు

ధన్యవాదాలండి. స్పెషల్ టీమ్స్ సంగతి మా నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు. అయితే ఒక సందేహం: అతడిని ముందుగా ప్రాక్టీస్ స్క్వాడ్‌లో (ప్రధాన జట్టుకు బయట సాధన చేసే బృందంలో) పెట్టి చూడవచ్చు కదా?

జవాబు 3 (కోరమంగళ)

చూడవచ్చు, కానీ అందుకు ఓపిక పట్టాలి. నాలుగు సీజన్లు పూర్తికాని ఆటగాడిని ఒక జట్టు వదిలిస్తే అతడు వేవర్స్‌కు (ఇతర జట్లు కోరుకోవడానికి పెట్టే జాబితాకు) వెళ్తాడు. అక్కడ అతడిని కోరుకున్న జట్టు పాత ఒప్పందాన్ని కూడా మోయాలి. మొదటి రౌండ్‌వాడైతే ఆ భారం తక్కువేమీ కాదు. ఎవరూ కోరకపోతే అతడు స్వేచ్ఛగా బయటికి వస్తాడు, అప్పుడు ప్రాక్టీస్ స్క్వాడ్‌కు పిలవవచ్చు. అక్కడి నుంచి ఒక్కో మ్యాచ్‌కు ఇద్దరిని, ఒక్కొక్కరిని సీజన్‌లో మూడుసార్ల వరకు, ప్రధాన జట్టులో చేర్చకుండానే బరిలోకి దింపవచ్చు.

ఆ మూడు మ్యాచ్‌లలో అతని చేతులను గమనించండి. వెనుకబడిన ప్రతిసారీ రిసీవర్ చొక్కా పట్టుకునేవాడైతే, పాస్ ఇంటర్‌ఫియరెన్స్ (పాస్ అందుకోనివ్వకుండా అడ్డుపడటం) కింద తప్పు జరిగిన చోటే బంతిని ఎదుటి జట్టుకు అప్పగిస్తారు; ఒక్క పొరపాటుకు నలభై గజాలు కూడా పోవచ్చు. పట్టుకోకుండా, తల తిప్పి బంతిని వెతుక్కుంటూ ఓడిపోతున్నవాడైతే నేను నాలుగోసారి కూడా పిలుస్తాను, అందుకోసం ప్రధాన జట్టులో ఒక చోటు ఖాళీ చేయవలసి వచ్చినా సరే.