యువతరం నవలలో బరువు అంకెలు ఉండాలా, తీసేయాలా?

పుస్తకాలపురుగు:
లారీ హాల్స్ ఆండర్సన్ ‘వింటర్‌గర్ల్స్’ (2009)లో లియా తినే వాటి పక్కన బ్రాకెట్లో కేలరీల అంకెలుంటాయి. లియా, కాసీ చిన్ననాటి స్నేహితురాళ్ళు. బళ్ళో అందరికన్నా సన్నగా ఉండాలని ప్రమాణం చేసుకున్నారు. కాసీ చనిపోయిన రాత్రి 33 సార్లు ఫోన్ చేసినా లియా ఎత్తలేదు. ఇంత బలమైన కథకి అంకెలెందుకు? లియాలా సన్నబడాలని తిండి మానేసే జబ్బున్న పాఠకురాలికి అవి హెచ్చరికలా కనిపించవు, లక్ష్యంలా కనిపిస్తాయి. బ్రిటన్‌లో ఈ జబ్బులపై పనిచేసే ‘బీట్’ సంస్థ పాత్రికేయులకి అంకెలు వద్దనే చెబుతుంది.

సగంచదివినపేజీ:
ఒప్పుకోను పురుగు గారూ. లెక్కపెట్టడమే ఆ జబ్బు. ఒక లక్ష్యం చేరగానే దాని కింద ఇంకోటి పుడుతుంది, అంకె దిగుతుంటేనే ఆ జారుడు తెలుస్తుంది. పైగా ఆ నవలలో కొట్టివేతలున్నాయి: లియాకి నిజంగా అనిపించిన మాట కొట్టేసి, పక్కనే తనకి తాను నచ్చజెప్పుకున్న మాట. అంకెలు ఆ కొట్టివేతలకి జంట. ఒకటి పీకేస్తే రెండోది ఉత్త అలంకారమే.

పుస్తకాలపురుగు:
లెక్కపెట్టడం చూపించండి, లెక్క చూపించకండి. “మూడుసార్లు కూడి, ఆపిల్ ముక్క ఒకటి పక్కన పెట్టి మళ్ళీ కూడింది” అంటే ఆరాటం తెలుస్తుంది, నకలు కొట్టడానికి ఏమీ దొరకదు. తీసేయాల్సినవి మూడు: చేరాల్సిన బరువు, రోజు మొత్తం కేలరీలు, ఇంట్లోవాళ్ళని మోసం చేసే ఉపాయాలు. మూడోది అన్నిటికన్నా చెడ్డది, అందులో అంకె ఉండదు కాబట్టి ఎవరి కంటా పడదు.

తిరగమోత:
ఇద్దరూ తూకం దగ్గరే ఆగారు. స్నేహం సంగతి? జూలీ మర్ఫీ ‘డంప్లిన్’ (2015)లో టెక్సాస్ అమ్మాయి విల్లోడీన్ అందాల పోటీకి పేరిచ్చి, తనతోపాటు పేరిచ్చిన సన్నటి స్నేహితురాలు ఎలెన్‌ని తప్పుకోమంటుంది. లావుపాటి పిల్లకి కూడా స్వార్థం ఉండనిచ్చింది రచయిత్రి, అదే నాకు నచ్చింది. చాలామంది రాతలో స్నేహితురాలు వచ్చి “నువ్వు లావు కాదే, అందంగా ఉంటావు” అనేసి పోతుంది. లావైతే అందం లేనట్టేగా ఆ మాటకి అర్థం!

‘వింటర్‌గర్ల్స్’ని తెలుగులోకి తెచ్చేటప్పుడు ఇంకో చిక్కు. ‘స్కిన్నీ’కి ఒక్క మాట చాలదు. నాజూగ్గా అంటే మెప్పు, బక్కగా అంటే వెక్కిరింత, పీలగా అంటే జబ్బు. ప్రమాణంలో పిల్లలు ‘నాజూగ్గా’ అనుకోవాలి, లియా సవతి తల్లి నోట ‘చిక్కిపోయావు’ రావాలి.

సగంచదివినపేజీ:
‘చిక్కిపోయావు’ లియా చెవికి పొగడ్తే కదండీ?

తిరగమోత:
అవును, అందుకే ఆ మాట అక్కడ పెట్టమంటున్నా.