కలర్ టీవీ మీద అయస్కాంతం పెట్టొచ్చా?

భార్గవి: నమస్తే అండీ. కాలేజీ ప్రదర్శనకి వీడియో కళాకారుడు నామ్ జూన్ పైక్ 1965లో టీవీ మీద అయస్కాంతం పెట్టి చేసిన 'మాగ్నెట్ టీవీ' లాంటిది చేద్దామనుకుంటున్నా. అటక మీద పాత కలర్ డబ్బా టీవీ ఉంది. స్పీకర్ అయస్కాంతం దాని మీద పెట్టొచ్చా?

సుధాకర్: వద్దమ్మా. పైక్ వాడింది బ్లాక్ అండ్ వైట్ సెట్. అయస్కాంతం దగ్గరికొస్తే అందులో ఎలక్ట్రాన్ కిరణం దారి తప్పి బొమ్మ మెలి తిరుగుతుంది. తీసేస్తే మళ్ళీ మామూలే. కలర్ ట్యూబులో తెర వెనకాల సన్న చిల్లుల ఇనుప రేకు ఉంటుంది, షాడో మాస్క్ అంటారు. దానికి అయస్కాంతత్వం పట్టిందంటే ఊదా, ఆకుపచ్చ మచ్చలు అలాగే ఉండిపోతాయి.

వేణు: మా టీవీకి అలాంటి మచ్చే ఉంది. పోతుందా అన్నా?

సుధాకర్: రిమోట్‌తో కాదు, మెయిన్ స్విచ్చే ఆపి, అరగంట చల్లారనిచ్చి వెయ్యి. వేయగానే 'బుంయ్' మంటుందే, అది లోపలి డీగాసింగ్ కాయిల్ పని, అంటే పట్టిన అయస్కాంతత్వాన్ని పోగొట్టే తీగచుట్ట. రెండు మూడుసార్లకీ పోకపోతే మెకానిక్ దగ్గర చేతి కాయిల్ ఉంటుంది. వెనక మూత మాత్రం తీయకు. ఆపేశాక కూడా ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉంటాయి.

మాధురి: భార్గవీ, అసలు అయస్కాంతం ఎందుకు? పాత హ్యాండీక్యామ్ ఉంటే పసుపు పిన్ను టీవీకి గుచ్చి, కెమెరాని అదే టీవీ వైపు తిప్పు. తెరలో తెర, అందులో తెర... కెమెరాని కాస్త వంచితే సుడులు మొదలవుతాయి. 1970ల మొదట్లో న్యూయార్క్‌లో స్టైనా, వుడీ వాసుల్కా అనే వీడియో కళాకారుల జంట ఈ ఫీడ్‌బ్యాక్‌తో చాలా చేశారు. తెర తెల్లగా అయిపోతే కాంట్రాస్ట్ తగ్గించు, నల్లబడితే ఒకసారి టార్చ్ కొట్టు. వెలుతురుని కెమెరా తనే సర్దుకునే ఆటో ఎక్స్‌పోజర్ తీసెయ్, లేకపోతే కెమెరా నీతో కొట్లాడుతుంది.

భార్గవి: రంగులు కావాలంటే?

మాధురి: కలర్ కెమెరా, కలర్ టీవీ అయితే అవే వస్తాయి. పైక్, ఇంజినీర్ షుయా అబే కలిసి చేసిన వీడియో సింథసైజర్ బ్లాక్ అండ్ వైట్ కెమెరాల సిగ్నళ్ళకి రంగులద్ది కలిపేది. 1970లో బాస్టన్ డబ్ల్యూజీబీహెచ్ టీవీ స్టేషన్లో దాంతో నాలుగు గంటలు లైవ్ నడిపారు. షికాగోలో డాన్ శాండిన్ అనే కళాకారుడు వీడియో బొమ్మల్ని మార్చే తన ఇమేజ్ ప్రాసెసర్ సర్క్యూట్లు కాపీ చేసుకోమని అడిగినవాళ్ళకి ఇచ్చేశాడు, మహానుభావుడు. కానీ అది కట్టడం నెలల పని, ప్రదర్శన లోపు అవదు.

సుధాకర్: అయస్కాంతమే కావాలంటే పాత సామాన్ల కొట్లో చిన్న బ్లాక్ అండ్ వైట్ సెట్ వెతుకు. ఏవీ పిన్ లేకపోతే, వీడియోని యాంటెన్నా దారిలో టీవీకి పంపే ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ కూడా అడుగు.