అప్‌డేట్: గ్రాట్యుటీకి ‘కంటిన్యూయస్ సర్వీస్’ అంటే ఏమిటో తేలింది, డబ్బు వచ్చింది

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. కొత్తగా చూసేవాళ్ళకు సంగతి ఇదీ: మా చెల్లి ఆరేళ్ళు దాటి పనిచేసిన ప్రైవేటు ఉద్యోగం 2024లో మానేసింది. మధ్యలో ప్రసూతి సెలవు, ఆ తర్వాత టైఫాయిడ్‌తో ఇంకొంత సెలవు. దాంతో అయిదేళ్ళ ‘కంటిన్యూయస్ సర్వీస్’ (తెంపు లేని సర్వీసు) లేదు, గ్రాట్యుటీ (ఏళ్ళ తరబడి పనిచేసినందుకు ఉద్యోగం మానేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) రాదని హెచ్‌ఆర్‌లో చెప్పేశారు.

లేబర్ కేసులు చూసే లాయర్ గారు అప్పట్లో అమల్లో ఉన్న 1972 నాటి గ్రాట్యుటీ చట్టం, సెక్షన్ 2ఎ తీసి చూపించారు. జబ్బు, ప్రమాదం, సెలవు, లేఆఫ్ (కంపెనీ తాత్కాలికంగా పని ఇవ్వలేకపోవడం), ఉద్యోగి తప్పు లేకుండా పని ఆగిపోవడం, ఇవేవీ సర్వీసును తెంచవు. చెప్పకుండా మానేసిన రోజులైనా అంతే, దాన్ని బ్రేక్‌గా పరిగణిస్తూ నిబంధనల ప్రకారం ఆర్డరు ఇచ్చి ఉంటే తప్ప. అలా కుదరని చోట కూడా, ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే ఆ ఏడాది లెక్కలోకి వస్తుంది. గనుల్లో భూగర్భంలో పనిచేసేవాళ్ళకీ, వారానికి ఆరు రోజులకన్నా తక్కువ నడిచే సంస్థల్లోనూ 190 చాలు. 26 వారాల వరకు ప్రసూతి సెలవు ఆ రోజుల్లో కలుస్తుంది.

పనిచేసింది మీలో ఒకరు చెప్పిన ఉపాయమే: గ్రాట్యుటీ దరఖాస్తు అయిన ఫారం ‘ఐ’ నింపి, ఈ సెక్షన్‌ను ప్రస్తావిస్తూ కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపడం. లేబర్ ఆఫీసు దాకా వెళ్ళే పని పడలేదు.

కంటిన్యూయస్ (ఆగకుండా సాగేది), కంటిన్యువల్ (మళ్ళీ మళ్ళీ జరిగేది) అనే ఇంగ్లీషు మాటల తేడా మీద మీ చర్చ సరదాగానే సాగింది గానీ ఇక్కడ అక్కరకు రాలేదు. చట్టం తన అర్థం తానే రాసుకుంది.